పొయ్యిబల్ల మీది దారి

మద్దిలేటి గ్రైండరు పట్టుకుని జీపు వెనక తలుపు మీది పాత రంగు గీకుతున్నాడు. నిప్పురవ్వలు షెడ్డంతా చిమ్ముతున్నాయి. పైనున్న పచ్చరంగు పోయింది. దాని కింది తెల్లరంగు పోయింది. ఇక నున్నటి రేకు కనపడాల్సిన చోట గీతలు కనపడ్డాయి. తుప్పు చారలేమోనని ఇంకాస్త అదిమి పట్టాడు. అవి చెక్కుచెదరలేదు. గ్రైండరు ఆపేసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కేకేశాడు.

"హుసేనక్కా! ఒకసారి ఇట్లా రా! ఎవుడో నీ జీపు మీద ముగ్గేసి పోయినాడు!"

హుసేనమ్మ షెడ్డు మూల కూర్చుని పరుపు కుడుతోంది. దూదేకుల వాళ్ళ పిల్ల కాబట్టి చేతిలో సూది లేకపోతే ఆమెకు తోచదు. బొంతలు, పరుపులు కుట్టడం, వారమంతా సంతలు తిరిగి అమ్ముకోవడం ఆమె బతుకుతెరువు. అద్దె ఆటోవాళ్ళ సణుగుడు పడలేక, సంత ముగిసిన రాత్రి ఏ అరుగు మీదో ముడుచుకుని పడుకోలేక, ఒక పాత కురచ జీపు కొని మద్దిలేటి షెడ్డులో పెట్టింది. "ముందర ఇద్దురు కూసోవాలె. ఎనక సరుకు పట్టాలె. సరుకు అమ్ముడుపోతే ఆ జాగాలోనే నేను పండుకోవాలె. పొద్దున లేసి టీ కాసుకోవాలె. ఏం జేస్తావో చెయ్" అంది.

మద్దిలేటి చేశాడు. ముందు సీట్ల వెనక నుంచి టాపును కోసి తీసేసి, కోసిన చోట గాజుకిటికీ పెట్టిన రేకుగోడ నిలబెట్టాడు. వెనక భాగమంతా బల్లచెక్కల మంచం. మంచం మూత ఎత్తితే కింద సరుకు. నాలుగు మూలలా పైపులు, వాటి మీద టార్పాలిన్. పక్కన కుళాయి బిగించిన నీళ్ళ డబ్బా. వెనక తలుపు గొలుసుల మీద కిందికి వాలితే అదే పొయ్యిబల్ల. ఆ తలుపంటే అతనికి మహా గర్వం. కొన్న రేకు కాదు మరి. జీపు పక్కగోడలు అడుగున తుప్పు పట్టి రాలిపోతుంటే ఊడదీసి, అందులో గట్టిగా ఉన్న ముక్కను కోసి తలుపుగా బిగించాడు. రేకుముక్క పారేయడమంటే అన్నం పారేసినట్టే అతనికి.

హుసేనమ్మ సూది గుచ్చిపెట్టి లేచి వచ్చింది. రేకు మీద మెలికలు తిరిగిన గీత ఒకటి. దాన్ని అడ్డంగా దాటుతూ బండిబాట లాంటి జంటగీతలు. ఆ దాటే చోటుకు ఒక పక్కన మూడు సున్నాలు, సున్నాల వెనక ఇంటూ మార్కు లాంటి ఒక కత్తెర గుర్తు. అక్షరం ముక్క లేదు. మొనతేలిన ఇనుముతో, మళ్ళీ మళ్ళీ ఒకే చోట గీరి గీరి లోతు చేసిన గీతలవి.

ఆమె రేకు ముందు కూర్చుని ఒక్కొక్క గీత మీదా వేలు పెట్టి నడిపింది.

"మా నాయనకు చదువు రాదు" అంది. "ఇది మా నాయన గీసిందే."

ఆ జీపును ఆమె ఊరికే కొనలేదు. నంబరు పట్టుకుని పాత ఇనుము కొట్లన్నీ తిరిగి వెతికి మరీ కొన్నది. సిద్ధులపాడు ప్రాజెక్టు నీళ్ళలో మునిగిన ఏడు, ఊరివాళ్ళ సామాన్లు కొండ అవతలి కొత్త కాలనీకి చేరవేసిన ఆఫీసు జీపు అది. తోలింది ఆమె తండ్రి నన్నేసాబు. నీళ్ళు అనుకున్నదానికంటే ముందే వచ్చిపడ్డాయి. ఆ గందరగోళంలో, మొహర్రం పండగకు ఎత్తే ఊరి పీర్లు పోయాయి. పీర్ల చావిడిలో ఉండాల్సిన వాటి పెట్టె లేదు. చివరి ట్రిప్పు నన్నేసాబుదే కాబట్టి దొంగ కూడా నన్నేసాబే అని ఊరు తేల్చేసింది. నిజమో అబద్ధమో చెప్పడానికి ఆయనకు నోరు లేకపోయింది. అడవిలో వాగు పొంగి జీపు అక్కడే ఆగిపోతే, కొండ చుట్టూ నడిచి వానలో నానుతూ ఇల్లు చేరినవాడు ఆ తెల్లవారే పక్షవాతం వచ్చి పడిపోయాడు. మాట పోయింది. బతికిన ఏడాదీ, రోడ్డు మీద జీపు చప్పుడు వినబడితే చాలు, మంచంలోంచి వేలు చాచి గాలిలో గీతలు గీసేవాడు. జీపు తోలాలని ఆశ పడుతున్నాడు పాపం అని అందరూ అనుకున్నారు. కూతురు కూడా అట్లాగే అనుకుంది. ఇప్పుడు ఆ గీతల ముందు కూర్చుని, ఇన్నేళ్ళు ఎంత మొద్దుగా ఉన్నానా అని తనను తాను తిట్టుకుంది.

"అక్కా, ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోవాకు" అన్నాడు మద్దిలేటి. "పెట్టె దొరికిందనుకో. తీసింది మీ నాయనేనని రుజువైపోతాది."

"కానీ. మా అమ్మ పోయేదాకా దొంగ పెండ్లాము అనిపించుకున్యది. నేనింకా దొంగ కూతురునే. అవునో కాదో నాకు తెలియాల."

"అయితే ఎవుర్నన్నా సాక్షిని తీస్కపోవాల."

"ఎవుర్నో ఎందుకు? ఆ మాట మొదట అన్నాయన్నే తీస్కపోదాం."

అట్లా సుంకిరెడ్డి ఈ ప్రయాణంలో చేరాడు. మునిగిన ఊరికి ఆయన పెద్దరెడ్డి. వయసు మీద పడ్డా మాటలో పదును తగ్గలేదు. బంగారు తాపడం చేసిన పీరు దొరికితే ఈ ఇద్దరూ కలిసి మాయం చేస్తారన్నది ఆయన అనుమానం. అందుకే పిలవగానే తలగుడ్డ చుట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

ఎండాకాలం. ప్రాజెక్టు నీళ్ళు వెనక్కి తగ్గి పాత సిద్ధులపాడు బయటపడి ఉంది. పగుళ్ళు తీసిన ఒండ్రు మట్టిలో మొండిగోడలు, రోళ్ళు, పైకప్పు లేని పీర్ల చావిడి. నన్నేసాబు ఆ రోజు బయలుదేరింది అక్కడి నుంచే కాబట్టి తామూ అక్కడి నుంచే బయలుదేరాలని హుసేనమ్మ పట్టుబట్టింది. జీపు ఆమే తోలింది. మద్దిలేటి వెనక మంచం మీద పడుకుని, గుంట వచ్చినప్పుడల్లా తన వెల్డింగు ఎక్కడైనా కిర్రుమంటుందేమోనని చెవి పెట్టి వింటున్నాడు.

పాత బండిబాట నల్లమల అంచున ఉన్న అడవిలోకి దూరింది. రెండు పక్కలా వెదురు పొదలు టార్పాలిన్‌ను గీరుతున్నాయి. బాట మధ్యలో మోకాలెత్తు బండలు. ఫోర్‌వీల్ గేరు వేసి హుసేనమ్మ ఒక్కొక్క బండ మీదికీ చక్రాన్ని మెల్లగా ఎక్కించి దించుతోంది. సుంకిరెడ్డి ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో తలగుడ్డ పట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఆ పెట్టె ఎట్లుంటాది?" అని అడిగింది ఆమె.

"చిన్నదే గానీ బరువు. పైన రేకు తాపడం. పండగ అయిపోతానే పీర్లను దాంట్లో పండబెట్టి, మోకుతో కట్టి, నేనే ముడేస్తా. మా ఇంటి ముడి. మా తలగుడ్డ అంచు చించి ఆ ముడి నడాన పేనుతా. మళ్ళీ పండగకు నెలపొడుపు చూసినాకే ఇప్పేది. నేను దప్ప ఎవురూ ఇప్పకూడదు. ఇప్పినా మళ్ళా అట్ల ఎయ్యలేరు." ఆయన ఆగి, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "మీ నాయన కోసి పారేసుంటాడులే."

హుసేనమ్మ గేరు మార్చింది.

పొద్దు నడినెత్తికి రాకముందే వాగు వచ్చింది. చుక్క నీరు లేదు. తెల్లటి ఇసుక, అక్కడక్కడా నున్నటి గుండ్లు. బండిబాట వాగులోకి దిగి అవతలి గట్టు ఎక్కుతోంది. తలుపు మీది జంటగీతలు, మెలికల గీత ఇక్కడే కలుస్తాయనడంలో ఎవరికీ అనుమానం లేదు. మద్దిలేటి కిందికి దూకి ఇసుకను కాలితో తట్టి చూశాడు.

"ఈడ్నే పెట్టు అక్కా! పరిచినట్టుంది. గట్టు మీద పెడితే మంచం వాలిపోతాది. పొయ్యి మీద గిన్నె జారిపోతాది."

అడవి తెలిసినవాడెవడూ బండిని వాగులో నిలపడు. కానీ మద్దిలేటికి తెలిసింది మట్టం చూడడం. ఇసుక మట్టంగా ఉంది. జీపు వాగు నడుమ నిలిచింది.

తలుపు దించి చూశారు. మూడు సున్నాలూ వాగుకు అవతల, బాటకు ఎడమ పక్కన ఉన్నాయి. ముగ్గురూ వాగు దాటి ఎడమకు తిరిగారు. గుట్ట పాదాన నిజంగానే మూడు బండలు కనిపించాయి. వాటి వెనక నల్లగా నోరు తెరుచుకున్న గుహ. టార్చీ వెలిగించి హుసేనమ్మే ముందు దూరింది, వెనక మద్దిలేటి. సుంకిరెడ్డి బయటే నిలబడ్డాడు.

లోపల గబ్బిలాల కంపు. తల వంచుకుని, తర్వాత నడుం వంచుకుని, చివరికి పాకుతూ పోవాల్సి వచ్చింది. సున్నపురాయి గోడలు చెమ్మగా చేతికి జారుతున్నాయి. పైకప్పు మళ్ళీ మనిషెత్తు లేచిన ఒక మలుపు దగ్గర మద్దిలేటి ఆమె చీరకొంగు పట్టి గుంజాడు.

"ఆగు! ముందర గుంత!"

టార్చీ వెలుగు పడినంత లోతునా అడుగు కనపడలేదు. ఇద్దరూ గోడకు అంటుకుని గుంత అంచున నడుస్తుండగా, ఎదురుగా చీకట్లో ఏదో గుర్రుమంది. రెండు కళ్ళు మెరిశాయి.

"ఎలుగ్గొడ్డు! అక్కా, గోడకు అంటుకో! కదలొద్దు!"

అది వాళ్ళకంటే ఎక్కువ భయపడింది. నల్లటి బొచ్చు ముద్ద ఒకటి ఇద్దరి మోకాళ్ళనూ రాసుకుంటూ బయటికి దూసుకుపోయింది. "వోయమ్మో! సచ్చిపోతిని!" అని గుహ బయటి నుంచి సుంకిరెడ్డి కేక వినిపించింది. ఆయన చావలేదు. ఒక బండెక్కి కూర్చున్నాడు. ఎలుగుబంటి ఆయన వైపు తిరిగి చూడను కూడా లేదు.

లోపల గుహ అక్కడితో ఆఖరు. ఎముకలు, ఎండిన కాయలు తప్ప ఏమీ లేవు. వెనక్కి వచ్చిన హుసేనమ్మ ముఖం చూడగానే పెద్దాయనకు సంగతి అర్థమైంది.

"నేను అప్పుడే చెప్పినా. ఎప్పుడో అమ్ముకోనుంటాడు" అన్నాడు బండ దిగుతూ.

హుసేనమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక చరచరా జీపు దగ్గరికి నడిచి, పొయ్యి ముట్టించి టీకి నీళ్ళు పెట్టింది. తండ్రి గీతల మీదే గిన్నె కూర్చుంది. నీళ్ళు కాగేదాకా ఆమె ఆ రేకు వంకే చూస్తూ నిలబడింది. బల్ల పై అంచు సూటిగా లేదు. నడుమ వంపుగా లోపలికి కోసి ఉంది. మద్దిలేటి ఆ వంపులో గంటె, పట్టుకారు తగిలించి పెట్టాడు.

"మద్దిలేటీ, ఈ వంపు ఏంది?"

"అదా? చక్రం కాడ వంపు అక్కా. గోడలోంచి కోసిన ముక్క కదా, చక్రం పైన వచ్చే గుండ్రం అది. గంటెలకు బాగుంటాదని పైకి తిప్పి..." మాట సగంలో ఆగిపోయింది. అతను రేకు చూశాడు, జీపు చక్రం చూశాడు, మళ్ళీ రేకు చూశాడు. తర్వాత అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"చక్రం కిందుంటాది గదరా నాయనా! తలకిందులు చేసినా! తలకిందులు చేసి బిగిచ్చినా!"

హుసేనమ్మ అప్పటికే గిన్నె దించేసి, తల పూర్తిగా వంచి బల్లను అటువైపు నుంచి చూస్తోంది. ఆ రోజు నన్నేసాబు జీపు వెనక కూర్చుని, పక్కనున్న గోడ మీద చక్రం వంపుకు పైన గీసిన బొమ్మ అది. తిప్పి చూస్తే మూడు సున్నాలూ వాగుకు ఇవతలికి వచ్చాయి, బాటకు కుడి పక్కకు వచ్చాయి.

"అయినా మనకు బుద్ధుండాల" అంది, కన్నీళ్ళ మధ్య నవ్వొచ్చింది ఆమెకు. "ఆ రోజు వాగు పారుతాంటేనే కదా ఆయన ఆగిపోయింది! దాటలేనోడు అవతల గట్టున ఎట్ల దాచిపెడతాడు?"

ముగ్గురూ ఇవతలి గట్టెక్కి కుడికి నడిచారు. ఆకాశంలో కొండల మీద ఒక నల్లమబ్బు లేచింది. దాన్ని చూసే తీరిక ఎవరికీ లేదు.

ఈ గుట్టకు గుహ కనపడలేదు. మూడు బండలున్నాయి, వాటి వెనక రాళ్ళగుట్ట ఉంది. దగ్గరికి పోయి చూస్తే, అవి దొర్లిపడిన రాళ్ళు కావు. ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్ళు. సందుల్లో చిన్నరాళ్ళు కూరి, పైన ముళ్ళకంప వేసినట్టున్నారు. కంప ఎప్పుడో మన్నైపోయింది. మద్దిలేటి గడ్డపారతో ఒక్కొక్కటే దొర్లించాడు. మనిషి పడుకుని పాకితే పట్టే సందు తెరుచుకుంది. అందులోంచి పొడిగాలి ముఖానికి తగిలింది.

హుసేనమ్మ పొట్ట మీద పాకుతూ లోపలికి పోయింది. వీపుకు పైకప్పు తగులుతోంది. ఒకచోట భుజాలు ఇరుక్కుని కదలలేకపోయింది. ఊపిరి వదిలేసి, శరీరాన్ని పలచన చేసుకుని ముందుకు జరిగింది. సందు ఒక్కసారిగా వెడల్పై చిన్న గది వచ్చింది. టార్చీ తిప్పింది. గోడలో అరుగులా పొడుచుకొచ్చిన రాయి, దాని మీద మడత పెట్టిన బొంత, బొంత మీద పెట్టె.

ఆమె పెట్టెను కాదు, ముందు బొంతను చూసింది. ఎర్రగళ్ళ బొంత. వాళ్ళమ్మ కుట్టింది. కాలనీకి వచ్చిన మొదటి రాత్రి, ఉన్న ఒక్క బొంతా ఏమైపోయిందని అమ్మ తిట్టిన తిట్లు, చలికి తాను అమ్మను కరుచుకుని పడుకోవడం ఆమెకు గుర్తున్నాయి. పీర్లను ఉత్త రాతి మీద పెట్టడానికి నన్నేసాబుకు మనసొప్పలేదు. ఆ గదిలో ఒక్కతే నిలబడి హుసేనమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

"అక్కా! దొరికిందా? పలుకు!" బయటి నుంచి మద్దిలేటి అరుస్తున్నాడు.

"దొరికింది! తాడు ఇసురు!"

పెట్టెను బొంతతో సహా సందులోంచి లాగడానికి ముగ్గురి బలమూ సరిపోయింది. వెలుగులోకి రాగానే మద్దిలేటి మూతకేసి చెయ్యి చాచాడు. సుంకిరెడ్డి ఆ చేతిని పక్కకు తోసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మోకు దుమ్ము కొట్టుకుపోయి ఉంది. కానీ ముడి ముడిగానే ఉంది. దాని నడుమ పేనిన తలగుడ్డ అంచు, రంగు వెలిసినా చిరగకుండా ఉంది. ఆయన ఆ ముడిని వేళ్ళతో తడిమాడు. ఎన్నిసార్లు తడిమాడో ఆయనకే తెలియదు.

"నేనేసిందే" అన్నాడు చివరికి. "ఇప్పను గూడా ఇప్పలేదమ్మీ."

ముడి మీది దుమ్ము తుడుస్తూ మళ్ళీ అన్నాడు. "ఆ పొద్దు నా ఇంటి జొన్న బస్తాలు ఎత్తిచ్చుకున్యా. చావిడి తట్టు ఒక్కరం గూడా పోలేదు. మేం మర్సిపోతిమి. వాడు మర్సిపోలేదు."

హుసేనమ్మ నోరు తెరిచేలోగా కొండల మీద ఉరిమింది. చినుకు ఒక్కటీ పడలేదు. అయినా మద్దిలేటి ముఖం పాలిపోయింది.

"జీపు! వాగులో ఉంది జీపు!"

పెట్టెను మోసుకుని పరుగెత్తారు. మంచం మీద కొత్త పరుపు పరిచి ఉంది. దాని మీద బొంత, బొంత మీద పెట్టె పెట్టి టార్పాలిన్ దించి కట్టారు. అప్పటికే పై మలుపు నుంచి గరగరమని చప్పుడు వస్తోంది. ఎర్రటి నీళ్ళు, ముందర నురుగు, చెత్త, ఎండు కొమ్మలు తోసుకుంటూ నాలుకలా ఇసుక మీద పాకి వచ్చాయి. హుసేనమ్మ ఇంజను స్టార్టు చేసింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇసుకలో కూరుకుపోయాయి.

"ఆపు! ఆపు! తిప్పే కొద్దీ దిగబడ్తాది!" మద్దిలేటి వంగి చక్రం ముందర ఇసుక చేతులతో తోడుతున్నాడు. "కింద ఏమన్నా ఎయ్యాల! చెక్క, రేకు, ఏదో ఒకటి!"

"మంచం చెక్కలు పీకు!"

"పైన పెట్టె ఉంది కదక్కా!"

నీళ్ళు చక్రాలకు తగిలాయి. సుంకిరెడ్డి పంచె ఎగ్గట్టి బండి వెనక భుజం ఆనించి నిలబడ్డాడు. హుసేనమ్మ బండి దిగి వెనక్కి వచ్చింది. పొయ్యిబల్ల ఇంకా దించే ఉంది. దాని మీద తండ్రి గీతలు. ఆయన చేత్తో చేసింది, ఆమెకు మిగిలింది ఆ రేకొక్కటే. సంతల్లో రోజూ టీ కాచుకుంటూ దాన్ని చూసుకోవచ్చని పొద్దున వస్తూ వస్తూ అనుకుంది కూడా.

"ఇది ఊడదియ్" అంది.

"అక్కా, అది మీ నాయన..."

"తియ్యబ్బా! ఆయన చెప్పాలనుకున్యది చెప్పేసినాడు!"

మద్దిలేటి నాలుగు బోల్టులూ పానాతో తిప్పేశాడు. రేకును చక్రం కిందికి ఏటవాలుగా దోపాడు. హుసేనమ్మ సీటెక్కి కూర్చుని గేరు వేసింది.

"తొయ్యండి! ఇంకా! అదీ! ఇంకొక్కసారి!"

చక్రం రేకును పట్టుకుంది. జీపు ఒక్క కుదుపుతో లేచి, మోకాలి లోతు నీళ్ళను చీల్చుకుంటూ అవతలి గట్టు మీదికి ఎగబాకింది. మద్దిలేటి, సుంకిరెడ్డి వెనక గొలుసులు పట్టుకుని వేలాడుతూ వచ్చి గట్టు మీద పడ్డారు. వెనక్కి తిరిగి చూసేసరికి వాగు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. రేకు ఒక్కసారి తళుక్కుమని లేచి, నురుగులో మునిగిపోయింది. నన్నేసాబు దాటలేకపోయిన వాగును ఆయన జీపు అట్లా దాటింది.

పొద్దు వాలే వేళకు కొత్త సిద్ధులపాడు చేరారు. వెనక తలుపు లేని జీపు, బురదలో దొర్లిన పెద్దరెడ్డి, మంచం మీద గుడ్డ కప్పిన పెట్టె. చూసి జనం గుమిగూడారు. పెట్టె గుర్తుపట్టిన ముసలివాళ్ళు చెప్పులు విడిచారు. ఎవరో ఆడమనిషి గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది.

"దొరికినాయా రెడ్డీ? యాడ దొరికినాయి?" అని అడిగారు నలుగురూ.

సుంకిరెడ్డి జీపు దిగలేదు. పెట్టె మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేటట్టు చెప్పాడు.

"దొరకడమేంది? పోతే గదా దొరికేది. నన్నేసాబు తెచ్చి ఇచ్చినాడు. వాగు అడ్డమొచ్చి కొంచెం ఆలస్యమైంది, అంతే."

ఆ తర్వాత మోకు కొసను తీసి హుసేనమ్మ చేతిలో పెట్టాడు. నెలపొడుపు చూసినాక నువ్వే ఇప్పు అన్నాడు. ఆమె ఆ మోకును రెండు చేతులా పట్టుకుని తల వంచుకుంది.

మద్దిలేటి మాత్రం జీపు వెనకే తచ్చాడుతున్నాడు. ఖాళీగా వేలాడుతున్న గొలుసులను చేతితో కొలుస్తూ, షెడ్డులో ఇంకో రేకుముక్క ఉందక్కా, రేపే బిగిస్తా అన్నాడు.

"బిగియ్" అంది హుసేనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "పైదేదో కిందిదేదో నన్నడిగి బిగియ్."